తలుపు తట్టిన వారిని మనం ఏమని అడగాలి?

జుహర్ నమాజు ముగిసి గల్లీ కాస్త సద్దుమణిగిన వేళ. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో ట్యాబ్‌తో ఇద్దరు యువతులు వస్తారు. "అమ్మా, మీ ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలు ఉన్నారా? పిల్లల పెంపకం గురించి కొన్ని ప్రశ్నలు అడగాలి. ముప్పావుగంట పడుతుంది" అంటారు. మొదటి ఇంట్లో తలుపు సగమే తెరుచుకుంటుంది. "ఇంట్లో మగవాళ్లు లేరు, తర్వాత రండి" అన్న మాటతో మళ్లీ మూసుకుంటుంది. తర్వాత రమ్మనడమంటే అసలు రావద్దనడమేనని ఇరుపక్షాలకూ తెలుసు. రెండో ఇంట్లో కుర్చీలు వేస్తారు, చాయ్ ఇస్తారు. చూపించిన చోటల్లా సంతకం పడుతుంది, సంతకం రాకపోతే వేలిముద్ర పడుతుంది. ఆ కాగితంలో ఏముందని ఎవరూ అడగరు. అడిగితే వచ్చినవారు చిన్నబుచ్చుకుంటారేమోనని మొహమాటం.

ఈ రెండు ఇళ్లూ మనవే. రెండు పొరపాట్లూ మనవే. మొదటి ఇల్లు భయపడి తన పిల్లలను లెక్కలోంచి తానే తప్పించింది. రెండో ఇల్లు మొహమాటపడి తన హక్కును ఊరికే వదులుకుంది. పిల్లల గురించీ, వారిని పెంచే తీరు గురించీ జరిగే పరిశోధనలలో తల్లిదండ్రులుగా మనం పాల్గొనాలా వద్దా అన్న ప్రశ్న చిన్నదిగా కనిపించవచ్చు. కానీ మన పిల్లల కోసం రూపొందే పథకాలు, మన బస్తీకి వచ్చే అంగన్‌వాడీ, మన పిల్లల చదువు గురించి సమాజంలో ప్రచారమయ్యే అభిప్రాయాలు, చివరికి న్యాయస్థానాలలో మన రిజర్వేషన్ల భవితవ్యం కూడా ఆ ముప్పావుగంటతో ముడిపడి ఉన్నాయి. అందుకే ఈ విషయాన్ని తీరిగ్గా ఆలోచిద్దాం.

భయానికి కారణాలు ఉన్నాయి

తలుపు మూసిన తల్లిని తప్పుపట్టే ముందు ఆమె ఎందుకు మూసిందో అర్థం చేసుకోవాలి. 2019 చివరి నుంచి పౌరసత్వ సవరణ చట్టం, జాతీయ జనాభా పట్టిక, జాతీయ పౌర పట్టిక అన్న మాటలు మన ఇళ్లలో నిద్ర లేకుండా చేశాయి. తాత పుట్టిన ఊరు, అమ్మ పుట్టిన తేదీ ఏ కాగితంలో ఉన్నాయోనని పెట్టెలు వెతుక్కున్నాం. ఆ తర్వాతి వేసవిలోనే కరోనా వ్యాప్తికి ఒక సముదాయాన్ని బాధ్యుల్ని చేస్తూ మాట్లాడిన మాటలు విన్నాం. అలాంటి రోజులు గడిపిన కుటుంబం, ఇంటి ముందు నిలబడి పేర్లు, వయసులు, సంతానం సంఖ్య అడిగే అపరిచితులను అనుమానంగా చూడటంలో వింత లేదు. వచ్చింది ఓటర్ల జాబితా వారా, రేషన్ కార్డు వారా, జనగణన వారా, సరుకులు అమ్మే కంపెనీ వారా, విశ్వవిద్యాలయం వారా అన్నది గడప దగ్గర తేలదు. అందరి చేతిలోనూ అదే ట్యాబ్, అందరి మెడలోనూ అలాంటి కార్డే.

ఇది కేవలం మన సముదాయపు భయం అని కూడా అనుకోనక్కర లేదు. మన తెలుగు నేల మీదే జరిగిన ఒక ఘటనను గుర్తుచేసుకుందాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలోని కొన్ని మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే హెచ్‌పీవీ టీకాను ఒక అధ్యయనంలో భాగంగా వేశారు. పాథ్ అనే అంతర్జాతీయ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేపట్టిన కార్యక్రమం అది. టీకా వేయించుకున్న వారు సుమారు 14 వేల మంది. వారిలో ఎంతోమంది ఆదివాసీ కుటుంబాల బిడ్డలు, ప్రభుత్వ హాస్టళ్లలో ఉండి చదువుకుంటున్నవారు. అటువంటి అధ్యయనమే గుజరాత్‌లోనూ జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు మరణించడంతో ఆందోళన మొదలై, 2010 ఏప్రిల్‌లో కేంద్రం దానిని నిలిపివేసింది. ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని విచారణ సంఘం చెప్పింది. అయితే అనుమతి పత్రాలను తెరిచి చూసినప్పుడు బయటపడిన విషయం వేరు. ఆంధ్రప్రదేశ్‌కు చెందిన 9,543 పత్రాలను పరిశీలిస్తే 1,948 పత్రాల మీద వేలిముద్రలు ఉన్నాయి. 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లో ప్రధానోపాధ్యాయులో సంతకాలు చేశారు. 2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీనిని తీవ్రంగా ఖండించింది.

ఈ ఘటన నుంచి టీకా చెడ్డదన్న పాఠం నేర్చుకుంటే మనమే నష్టపోతాం. ఆ టీకా నేడు ప్రపంచమంతటా ఆడపిల్లల ప్రాణాలు కాపాడుతున్నది. నేర్చుకోవలసింది మరొకటి ఉంది. బీదవారి సంతకాన్ని వేరొకరు పెట్టేయవచ్చునని, వేలిముద్ర పడితే అడగవలసింది ఇంకేమీ లేదని అనుకునే అలవాటు మన వ్యవస్థలో ఉంది. నాడు ఆదివాసీ తల్లికి జరిగినది రేపు మన బస్తీ తల్లికి జరగదన్న హామీ లేదు.

తలుపు మూస్తే కలిగే నష్టం

ఇంత తెలిసిన తర్వాత కూడా తలుపు మూయవద్దని మేము ఎందుకు అంటున్నాం? లెక్కలో లేని బిడ్డ గురించి ఎవరికి తోచింది వారు మాట్లాడతారు కనుక.

ముస్లిం తల్లిదండ్రులు పిల్లలను బడికి పంపరు, మదరసాలకే పంపుతారు అన్న మాట దశాబ్దాల పాటు ఈ దేశంలో చెలామణీ అయింది. సభల్లో, పత్రికల్లో, టీ కొట్ల దగ్గర కూడా అదే మాట. దానికి జవాబు చెప్పింది మన ఆవేశం కాదు, ఉపన్యాసాలు కాదు. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చెప్పింది. బడి ఈడు ముస్లిం పిల్లల్లో మదరసాలో చదువుతున్నవారు 3, 4 శాతానికి మించరని ఆ నివేదిక లెక్కలతో చూపింది. అదే నివేదిక 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లల్లో నాలుగో వంతు మంది బడి ముఖమే చూడలేదనో, మధ్యలో మానేశారనో కూడా చెప్పింది. ఒక అంకె మన మీది నిందను తొలగించింది, మరొక అంకె మన అవసరాన్ని ప్రభుత్వం ముందు పెట్టింది. ఆ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎక్కడో ఏదో ఊళ్లో ఒక తల్లి గడపలో కూర్చొని, "మీ పిల్లవాడు ఎక్కడ చదువుతున్నాడు?" అన్న ప్రశ్నకు ఉన్నది ఉన్నట్లు జవాబు చెప్పింది. అలాంటి వేలాది జవాబుల మొత్తమే ఆ నివేదిక.

మన రిజర్వేషన్ల చరిత్ర కూడా ఇదే చెబుతున్నది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలకు 5 శాతం రిజర్వేషన్లు ప్రకటించింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో మళ్లీ చట్టం వచ్చింది, మళ్లీ కొట్టివేసింది. 2007లో వెనుకబడిన ముస్లిం వర్గాలకు 4 శాతం ఇస్తూ వచ్చిన చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు చెల్లదన్నది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వుతో ఆ 4 శాతం నిలిచింది. ఈ వ్యాజ్యాలన్నింటిలో ఎదురైన ఆక్షేపణ ఒకటుంది: వెనుకబాటుతనాన్ని నిరూపించే సర్వే శాస్త్రీయంగా ఉన్నదా? మన పేదరికం మనకు కళ్లెదుటే ఉంది. కానీ న్యాయస్థానం అడిగేది కాగితం మీది రుజువు. ఆ రుజువు మన ఇళ్ల నుంచే రావాలి.

పెంపకానికి సంబంధించిన పరిశోధనలు ఏం సాధిస్తాయని అనుమానం రావచ్చు. మనకు దగ్గరలోనే జరిగినది చూద్దాం. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1987 నుంచి 1990 వరకు హైదరాబాద్ సమీపంలోని 29 గ్రామాల్లో ఒక అధ్యయనం చేసింది. 15 గ్రామాల్లో గర్భిణులకు, చిన్నపిల్లలకు ప్రతిరోజూ అదనంగా పోషకాహారం అందింది. మిగిలిన 14 గ్రామాలకు ఆ పథకం ఇంకా రాలేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ల వయసుకు వచ్చాక పరిశోధకులు మళ్లీ వెళ్లి చూశారు. ఆహారం అందిన గ్రామాల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తు ఉన్నారు. మధుమేహానికి, గుండె జబ్బుకు దారితీసే లక్షణాలు వారిలో తక్కువగా కనిపించాయి. 2008లో ఈ ఫలితాలు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడ్డాయి. ఆ తర్వాత ఆ పిల్లల తల్లిదండ్రులనూ, తోబుట్టువులనూ చేర్చి ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనంగా దానిని కొనసాగించారు. కడుపులో ఉన్నప్పుడూ, పసితనంలోనూ దొరికిన గిన్నెడు ఆహారం కౌమారం దాకా తోడుంటుందని మన ప్రాంతపు బిడ్డల దేహాలే సాక్ష్యం చెప్పాయి. అంగన్‌వాడీకి నిధులు తగ్గించాలని ఎవరైనా అంటే మనం చేతికి తీసుకోగల సాక్ష్యం అది.

మరొక ఉదాహరణ దూరదేశానిది. 1980ల చివర జమైకా రాజధాని కింగ్‌స్టన్‌లోని పేదవాడల్లో 129 మంది ఎదుగుదల లేని పసిపిల్లల కుటుంబాలు ఒక అధ్యయనంలో చేరాయి. కొందరి ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు వారానికి ఒకసారి చొప్పున రెండేళ్ల పాటు వెళ్లారు. ఇంట్లో దొరికే వస్తువులతో బొమ్మలు చేసి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. చేసింది అంతే. ఇరవై ఏళ్లు గడిచాక చూస్తే ఆ పిల్లల సంపాదన, అటువంటి సాయం అందని పేదపిల్లల సంపాదన కంటే 25 శాతం ఎక్కువగా ఉంది. తల్లి బిడ్డతో ఆడుకుంటూ గడిపే గంట ఎంత విలువైనదో ప్రపంచానికి చూపింది ఆ పేదతల్లులు ఇచ్చిన సమయమే.

ఇప్పుడు మన సంగతి. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలోని యంగ్ లైవ్స్ అధ్యయనం 2002 నుంచి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాల్లో 3,000 మంది పిల్లల జీవితాలను అనుసరిస్తూ వస్తున్నది. ఎనిమిదేళ్ల పిల్లలను బడి గురించి అడిగినప్పుడు, గడిచిన వారంలో టీచరు చేతిలో దెబ్బలు తిన్నామని నాలుగింట మూడు వంతులకు పైగా చెప్పారు. బడిలో కొట్టడాన్ని నిషేధించే చట్టం ఉన్నా తరగతి గదిలో ఏం జరుగుతున్నదో పిల్లల నోటివెంటే లోకానికి తెలిసింది. ఇంత విలువైన అధ్యయనంలో మన పిల్లలు ఎంతమంది ఉండగలరు? 2011 జనగణన ప్రకారం ఉమ్మడి రాష్ట్రంలో మన జనాభా సుమారు 9.6 శాతం. ఆ నిష్పత్తిన లెక్కవేస్తే 3,000లో 290కి లోపే. వారిలో ఆడపిల్లలు, మగపిల్లలు, పట్నం, పల్లె అని నాలుగు భాగాలు చేస్తే ఒక్కో భాగానికి డెబ్బై మంది. అటువంటి చోట పది ఇళ్లు తలుపు మూస్తే, ముస్లిం ఆడపిల్లల చదువు గురించి నమ్మకంగా ఒక్క మాట కూడా చెప్పలేని స్థితి వస్తుంది. పెద్ద సముదాయానికి పది ఇళ్లు తగ్గినా తెలియదు. చిన్న సముదాయానికి ప్రతి ఇల్లూ లెక్కే.

దీనికి తోడు మనం ఉండే చోటు కూడా మనకు అడ్డమవుతున్నది. పిల్లలు చదవగలరా, కూడికలు చేయగలరా అని దేశమంతటా ఇంటింటికీ వెళ్లి పరీక్షించే అసర్ నివేదిక 2005 నుంచి పేరుపొందింది. అది ప్రధానంగా గ్రామాల సర్వే. తెలంగాణలో ముస్లింలు ఎక్కువగా ఉండేది పట్టణాల్లో. హైదరాబాద్ పాతబస్తీ పిల్లవాడు చదవగలడో లేదో ఆ నివేదికలో వెతికితే దొరకదు. ఉన్న కొద్దిపాటి అధ్యయనాల తలుపులు కూడా మనమే మూసుకుంటే ఆ పిల్లవాడి గురించి మిగిలేది పుకార్లే.

సంతకానికి ముందు మన హక్కులు

కాబట్టి తలుపు తెరవాలి. అయితే తెరిచిన తర్వాత అడగడం కూడా నేర్చుకోవాలి. ముందుగా ఒక తేడా గమనించాలి. జనగణనకు జవాబు చెప్పడం 1948 నాటి చట్టం ప్రకారం మన బాధ్యత. పరిశోధన అలా కాదు. అందులో చేరడం పూర్తిగా మన ఇష్టం. "ఇది తప్పనిసరి" అని ఏ పరిశోధకుడైనా అంటే ఆ మాట అబద్ధం. "చేరకపోతే మీ పేరు పథకం నుంచి పోతుంది" అంటే అది బెదిరింపు. చేరినా చేరకపోయినా అంగన్‌వాడీ, ఆసుపత్రి, బడి మనకు యథాతథంగా అందాలి.

పిల్లలు పాల్గొనే వైద్య, ఆరోగ్య పరిశోధనల కోసం భారత వైద్య పరిశోధన మండలి 2017లో నైతిక మార్గదర్శకాలు ప్రకటించింది. వాటిలో ప్రతి తల్లీ తండ్రీ తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పరిశోధన ఎందుకు, ఎంతకాలం, ఏమి అడుగుతారు, రక్తం వంటివి తీసుకుంటారా, ప్రమాదం ఏమైనా ఉందా అన్న వివరాలు మనకు అర్థమయ్యే భాషలో రాసిన పత్రం ఇవ్వాలి. ఒక ప్రతి మన దగ్గరే ఉంచాలి. బాధ్యులైన పరిశోధకుల ఫోన్ నంబరు, ఆ పరిశోధనకు అనుమతి ఇచ్చిన నైతిక సంఘం ఫోన్ నంబరు అందులో ఉండాలి. చదవడం రాని వారికి సంబంధం లేని ఒక సాక్షి ఎదుట చదివి వినిపించాలి. ఎప్పుడైనా, కారణం చెప్పకుండానే తప్పుకునే హక్కు మనకు ఉంది. ఇష్టం లేని ప్రశ్నకు జవాబు చెప్పకుండా వదిలేయవచ్చు. పరిశోధన వల్ల బిడ్డకు హాని కలిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం మన హక్కు. కూలి పోగొట్టుకొని వచ్చినందుకు, దారి ఖర్చులకు డబ్బు ఇవ్వవచ్చు. కానీ డబ్బు ఆశ చూపి బిడ్డను చేర్పించుకోవడం తప్పు.

తల్లులకు ప్రత్యేకంగా ఒక మాట. ప్రమాదం అతి తక్కువగా ఉండే అధ్యయనాల్లో తల్లిదండ్రులలో ఒక్కరి అనుమతి చాలు. భర్త గల్ఫ్‌లో ఉన్నాడని కడపలోనో నిజామాబాద్‌లోనో ఒక తల్లి తనకు నిర్ణయించే అధికారం లేదనుకుంటే అది పొరపాటు. ఆమె సంతకం చెల్లుతుంది. ఆమె కాదంటే అదీ చెల్లుతుంది. ప్రమాదం ఎక్కువగా ఉండి బిడ్డకు నేరుగా మేలు లేని పరిశోధన అయితే మాత్రం ఇద్దరి అనుమతి కావాలి. అటువంటప్పుడు ఫోన్లో భర్తతో మాట్లాడే వరకు ఆగమని చెప్పడానికి సందేహించనక్కర లేదు.

మనం ఎక్కువగా మరచిపోయే సంగతి మరొకటి. ఏడేళ్లు దాటిన బిడ్డ ఇష్టాన్ని కూడా అడగాలి. 12 ఏళ్ల దాకా నోటిమాట చాలు. ఆ వయసు దాటితే బిడ్డ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. మనం సంతకం చేసేశాం కదా, వాడు కూర్చోవలసిందే అనడానికి వీల్లేదు. పదేళ్ల కొడుకు "నాకు ఇష్టం లేదు" అంటే ఆ మాటను గౌరవించడం కూడా పెంపకంలో భాగమే.

సమాచారం ఎక్కడికి పోతుందన్నది అన్నింటికంటే సున్నితమైన ప్రశ్న. పేర్లు, చిరునామాలు జవాబుల నుంచి విడదీసి భద్రపరచడం పరిశోధకుల కర్తవ్యం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి చేసింది. అయితే ఆ చట్టమే నిర్ణీత ప్రమాణాలకు లోబడి చేసే పరిశోధనలకు, గణాంకాలకు మినహాయింపు కూడా ఇచ్చింది. కనుక చట్టం చూసుకుంటుందని ఊరుకోవడం కుదరదు. "మా పేర్లు ఎవరి దగ్గర ఉంటాయి? ఎన్నాళ్లు ఉంటాయి? ప్రభుత్వ శాఖలకు ఇస్తారా?" అని మనమే అడగాలి. పెంపకం గురించిన ప్రశ్నలకు ఆధార్ నకలుతో పనేమిటో అడగాలి. సరైన జవాబు రాకపోతే ఇవ్వకూడదు.

మన ఇళ్లలో అమానత్ అన్న మాటకు ఎంతో బరువుంది. ఒకరు నమ్మి అప్పగించినదాన్ని కాపాడకపోవడం మనకు చిన్న తప్పు కాదు. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు పత్రం రాసుకోవాలని, సాక్షులను పెట్టుకోవాలని చెప్పే ఆయత్ ఖుర్‌ఆన్‌లో అన్నింటికంటే పొడవైనది. డబ్బు విషయంలోనే అంత జాగ్రత్త నేర్పిన సంప్రదాయం మనది. బిడ్డ జీవిత వివరాలను ఒకరికి అప్పగించేటప్పుడు కాగితం చదివించుకోమనడం అమర్యాద ఎలా అవుతుంది?

పరిశోధకులను మనం కోరేది

అడగవలసింది మనం ఒక్కరమే కాదు, మారవలసింది మనం ఒక్కరమే కాదు. పరిశోధకులతో కూడా కొన్ని మాటలు చెప్పాలి.

మొదటిది భాష. రాయలసీమలో, తెలంగాణలో మన తల్లులు ఎందరో ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. అచ్చు తెలుగులో ఉన్న ప్రశ్నావళిని చదివి, అప్పటికప్పుడు నోటికొచ్చినట్లు ఉర్దూలోకి మార్చి అడిగితే ప్రశ్న ఒకటవుతుంది, జవాబు మరొకటవుతుంది. "పిల్లవాడికి పుస్తకం చదివి వినిపిస్తారా?" అని అడిగితే బడి ముఖం చూడని తల్లి లేదంటుంది. "రాత్రి పడుకునే ముందు కథ చెబుతారా?" అని అడిగితే ఆమె ముఖం వెలుగుతుంది. వాళ్ల నానీ చెప్పిన కథలన్నీ ఆమెకు కంఠస్థం. మొదటి ప్రశ్న ఒక్కటే అడిగి వెళ్లిపోతే ఆ ఇల్లు పిల్లల్ని పట్టించుకోని ఇల్లుగా నమోదవుతుంది. ఆ నమోదులోంచే రేపు మన గురించి ఒక తీర్పు పుడుతుంది.

రెండవది వచ్చే వేళ, వచ్చే తీరు. రంజాన్‌లో ఇఫ్తార్‌కు ముందు, శుక్రవారం మధ్యాహ్నం వచ్చి ముప్పావుగంట అడిగితే ఎవరు ఇవ్వగలరు? తల్లులతో మాట్లాడటానికి స్త్రీలే రావాలి. ఆ బస్తీ ఆడపిల్లలకే శిక్షణ ఇచ్చి పంపితే ఇంకా మేలు, వారికి నాలుగు రూపాయలు కూడా దొరుకుతాయి. తండ్రులను కూడా అడగాలి. పెంపకమంటే తల్లి ఒక్కదాని పని అన్నట్లు సాగే ప్రశ్నావళి అసలు ప్రశ్నను సగమే అడిగినట్లు.

మూడవది ప్రశ్నల ఎంపిక. ఎంతమంది పిల్లలు, ఏ వయసులో పెళ్లి, కొడతారా, మదరసాకు పంపుతారా? ఇవి అడగవచ్చు. వాటితో పాటు బడిలో మీ బిడ్డను పేరు బట్టి వేళాకోళం చేశారా, అద్దె ఇల్లు దొరక్క ఎన్నిసార్లు బడి మారింది, అంగన్‌వాడీ ఎంత దూరం, అక్కడ మీ భాష మాట్లాడేవారు ఉన్నారా అని కూడా అడగాలి. ఇంటి లోపలి లోపాలు మాత్రమే వెతికి, బయటి అడ్డంకులు లెక్కించని పరిశోధన సగం నిజమే చెబుతుంది.

నాలుగవది, మేము అన్నింటికంటే ముఖ్యమనుకునేది, ఫలితాలు తిరిగి తెచ్చి చెప్పడం. మన ముంగిట్లో కూర్చొని తీసుకువెళ్లిన జవాబులు ఇంగ్లిషు వ్యాసాలై ఎక్కడో అచ్చవుతాయి. జవాబు చెప్పిన తల్లికి వాటి సంగతే తెలియదు. ఏడాదికో రెండేళ్లకో అదే బస్తీకి వచ్చి, అదే భాషలో, "మీరు చెప్పినదాన్ని బట్టి మేము తెలుసుకున్నది ఇది" అని ఒక్క పూట చెప్పడం పెద్ద ఖర్చు కాదు. సంతకం పెట్టే రోజునే "ఫలితాలు ఎప్పుడు వచ్చి చెబుతారు?" అని అడిగి, ఆ మాట కాగితం మీద రాయించుకుందాం.

ఒంటరిగా కాదు, బస్తీగా

ఇవన్నీ ఒక్కో తల్లి తన గడపలో ఒంటరిగా అడగలేదు. ఇద్దరు చదువుకున్న మనుషులు ఎదురుగా కూర్చుంటే అడగాలనుకున్నది గొంతులోనే ఆగిపోతుంది. అందుకే ఇది బస్తీ పని కావాలి. పరిశోధన బృందం వచ్చినట్లు తెలిస్తే మస్జిద్ కమిటీ, మహిళా సంఘం వారిని ముందుగా ఒక చోట కూర్చోబెట్టి పరిచయం చేసుకోవచ్చు. నైతిక సంఘం అనుమతి పత్రం చూపమని అడగవచ్చు. డిగ్రీ చదువుతున్న మన అమ్మాయిలు ఇద్దరు ఆ సమాచార పత్రాన్ని తల్లులందరికీ ఇంటి భాషలో చదివి వినిపించవచ్చు. అయితే చేరాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం ప్రతి కుటుంబానిదే. హాస్టల్ వార్డెన్ సంతకం చేయడం తప్పయినప్పుడు కమిటీ అధ్యక్షుడు అందరి తరఫునా ఒప్పుకోవడమూ తప్పే, అందరి తరఫునా కాదనడమూ తప్పే.

చేరిన తర్వాత మన బాధ్యత ఒకటి మిగులుతుంది: నిజం చెప్పడం. వచ్చినవారు ఏమనుకుంటారోనని, పిల్లవాడిని ఎప్పుడూ కొట్టలేదని, రోజూ పాలు, గుడ్డు పెడుతున్నామని చెబితే ఆ పూటకు మన పరువు నిలుస్తుంది. కానీ గుడ్డు అందని పిల్లలు మన బస్తీలో లేరని నమోదవుతుంది. లేని బిడ్డకు గుడ్డు ఎవరు పంపుతారు? మన లోపాలు చెప్పుకోవడం సిగ్గుచేటు కాదు. వాటిని దాచి, తర్వాత పథకాలు రాలేదని బాధపడటమే నష్టం.

మళ్లీ ఆ గల్లీలోకి వెళ్దాం. ఈసారి తలుపు పూర్తిగా తెరుచుకుంటుంది. కుర్చీలు వేస్తారు, చాయ్ ఇస్తారు. ఆ తర్వాత ఇంటి కోడలు కాగితం చేతిలోకి తీసుకొని, "ఇది ముందు మా అమ్మీకి ఉర్దూలో చదివి చెప్పండి. ఒక ప్రతి మాకు ఇవ్వండి. మా పేర్లు ఎక్కడ ఉంచుతారో చెప్పండి" అంటుంది. వచ్చినవారు నిజమైన పరిశోధకులైతే సంతోషంగా చెబుతారు. కాకపోతే చాయ్ తాగి లేచి వెళ్లిపోతారు. ఎవరు వచ్చారో తెలుసుకోవడానికి ఆ ఇంటికి ఆ మూడు మాటలు చాలు.